డచ్ ముత్తవ్వ జాడ తీయడానికి ఏది మేలు: అమెరికా కాగితాలా, నెదర్లాండ్స్ రిజిస్టర్లా?

1847లో నెదర్లాండ్స్ నుంచి పాస్టర్ వాన్ రాల్టే వెంట వచ్చినవాళ్లు మిషిగన్‌లో హాలండ్ ఊరిని, పాస్టర్ స్కోల్టే వెంట వచ్చినవాళ్లు అయోవాలో పెల్లాను నిలబెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆ దారిన కుటుంబాలు వస్తూనే ఉన్నాయి. వాళ్లలో తాతల చరిత్ర తేలిగ్గానే దొరుకుతుంది, అవ్వలదే దొరకదు. అమెరికా కాగితాల్లో పెళ్లయిన స్త్రీ మన దగ్గరలాగే భర్త ఇంటిపేరులో కలిసిపోతుంది. నెదర్లాండ్స్ ప్రభుత్వ రిజిస్టర్లలో మాత్రం పుట్టినప్పుడు రాసిన ఇంటిపేరే చనిపోయినప్పుడూ రాస్తారు. కాబట్టి వివరాలకు నెదర్లాండ్సే మేలు. అయితే ఊరి పేరు తెలియకుండా అక్కడ వెతికితే అదే పేరున్నవాళ్లు పదులమంది తగులుతారు. ఆ ఊరి పేరు చెప్పాల్సింది అమెరికా కాగితాలే.

అమెరికా కాగితాలన్నీ ఒకటి కావు. 1900 జనాభా లెక్కల్లో ఆమె పుట్టిన నెల, ఏడాది, వలస వచ్చిన ఏడాది, ఎంతమందిని కన్నదీ, ఎంతమంది బతికున్నదీ ఉంటాయి. పుట్టిన చోటు దగ్గర మాత్రం సాధారణంగా దేశం పేరుతో సరిపెడతారు. పౌరసత్వ కాగితాల మీద ఆశ పెట్టుకోవద్దు: 1855 నుంచి 1922 దాకా భర్త పౌరుడైతే భార్య కూడా పౌరురాలే, ఆమెకు వేరే ఫైలు ఉండటం అరుదు. ఓడ ప్రయాణికుల జాబితాలో డచ్ భార్య తరచు పుట్టింటి పేరుతోనే ఉంటుంది. భర్త ఇంటిపేరుతో వెతికి దొరకలేదని వదిలేయకండి, పిల్లల పేర్లు పట్టుకుని పైకీ కిందికీ చూడండి.

ఊరు తెలుసుకోవడానికి అన్నిటికన్నా మెరుగైనవి చర్చి సభ్యత్వ పుస్తకాలు. డచ్ ప్రొటెస్టెంట్ శాఖ అయిన సంస్కరణవాద చర్చి సభ్యులు ఊరు మారితే పాత చర్చి నుంచి యోగ్యతా పత్రం తెచ్చేవాళ్లు, కొత్త చర్చి ఏ ఊరి నుంచి తెచ్చారో రాసుకునేది. మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్‌లో కాల్విన్ విశ్వవిద్యాలయం, హాలండ్‌లో హోప్ కాలేజీ ఇలాంటి రికార్డులకు ముఖ్యమైన చోట్లు. వాటి తర్వాత డచ్ భాషలో వెలువడిన ‘డి గ్రోండ్‌వెట్’, ‘డి వాఖ్టర్’ పత్రికల్లోని మరణవార్తలు చూడాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. జీలాండ్, డ్రెంతే, ఓవరైసెల్ అనే నెదర్లాండ్స్ రాష్ట్రాల పేర్లతో మిషిగన్‌లోనూ ఊళ్లున్నాయి. ‘జీలాండ్ నుంచి వచ్చింది’ అని ఉంటే అది సముద్రం అవతలి జీలాండా, పక్క ఊరా అన్నది తేల్చుకున్నాకే ముందుకు వెళ్లాలి.

ఊరు దొరికాక నెదర్లాండ్స్‌కి సాటి లేదు. ప్రభుత్వ నమోదు దేశమంతటా 1811 నాటికి అమల్లోకి వచ్చింది. ఆమె అక్కడే పెళ్లి చేసుకుని ఉంటే మొదట తెరవాల్సింది పెళ్లి రికార్డు. వధువు వయసు, పుట్టిన ఊరు, పని, తల్లిదండ్రుల పేర్లు, ఆమెకు సంతకం చేయడం వచ్చో రాదో కూడా అందులోనే ఉంటాయి. దానికి జతపరిచిన కాగితాల కట్టను చాలామంది చూడకుండా వదిలేస్తారు, అది పెద్ద నష్టం. వధువు జనన నమోదు నకలు, చనిపోయిన తల్లిదండ్రుల మరణ నకళ్లు, ఇద్దరూ లేకపోతే కొన్నిసార్లు తాత అవ్వలవి కూడా అందులో దొరుకుతాయి. ఒకే కట్టలో మూడు తరాలు!

పెళ్లి కాకుండానే ఓడెక్కిన అమ్మాయికి 1850 తర్వాతి నివాసుల రిజిస్టరు మేలు. పుట్టిన తేదీ, మతం, ఏ ఊరికి ఎప్పుడు వెళ్లిందీ ఇంటింటి వారీగా రాశారు. ఇళ్లలో పనికి కుదిరిన అమ్మాయిలు ఇల్లు మారినప్పుడల్లా కొత్త పుటలో కనిపిస్తారు కాబట్టి ఆమె యవ్వనం ఎలా గడిచిందో దీన్నిబట్టి తెలుస్తుంది. చివరి గడిలో ‘ఉత్తర అమెరికా’ అని ఉంటే మీ మనిషి అయ్యే అవకాశం ఎక్కువ. 1847 నుంచి ప్రభుత్వం రాయించిన వలసదారుల జాబితాలు దీనికి ప్రత్యామ్నాయం కావు. వాటిలో ఇంటి పెద్ద పేరే ఉంటుంది, భార్యాపిల్లలు అంకెలు మాత్రమే. ఒంటరిగానో వితంతువుగానో వెళ్లిన స్త్రీకైతే పనికొస్తాయి.

వెతికేటప్పుడు ఎక్కువగా పొరపాటు జరిగేది పేర్లలో. నేల్‌చే అమెరికాలో నెల్లీ అయింది, ఆల్‌చే ఆలిస్, యాంచే జెన్నీ. ‘వాన్ డెర్ మేర్’ను అమెరికా సూచికలో ‘వి’ కింద, నెదర్లాండ్స్‌లో ‘మేర్’ కింద చూడాలి. నెదర్లాండ్స్ రికార్డులు వెతికే ‘వీవాస్‌వీ’ సైట్‌లో ‘వాన్ డెర్’కు వేరే గడి ఉంది. అలాంటిదే మరో సైట్ ‘ఓపెన్ ఆర్కైవ్స్’లో భార్యాభర్తల పేర్ల మధ్య & గుర్తు పెట్టి వెతికితే ఆ జంట పిల్లల జనన నమోదులు కూడా వస్తాయి.

జననం దొరకగానే సరిపోయిందనుకోకండి. బిడ్డ పోతే తర్వాత పుట్టిన బిడ్డకు అదే పేరు పెట్టడం అక్కడ మామూలు. అదే తల్లిదండ్రుల కింద ఆ పేరుతో మరణ నమోదు ఉందేమో చూసి, ఉంటే ఆ తర్వాత అదే పేరుతో పుట్టిన బిడ్డ తేదీని 1900 లెక్కల్లోని నెల, ఏడాదితో సరిపోల్చండి.