ఏడు సీజన్లు రేసుల ఛానెల్ నడిపాక నా రివ్యూ

2019 సీజన్ మధ్యలో మొదలుపెట్టాను, 2025 సీజన్ కూడా అయిపోయింది. "ఫార్ములా 1 మీద యూట్యూబ్ ఛానెల్ పెడదామనుకుంటున్నాను, ఎలా ఉంటుంది?" అని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇలా ఒకేసారి రాసేస్తున్నాను. మైకుల మీద, కెమెరాల మీద రివ్యూలు బోలెడున్నాయి, ఇది అసలు ఆ పని మీదే రివ్యూ. నేను జర్నలిస్టుని కాదు, ఏ టీమ్‌లోనూ నాకు తెలిసినవాళ్లు లేరు, ప్యాడాక్ (ట్రాక్ దగ్గర టీమ్‌లు ఉండే చోటు) పాస్ ఎలా ఉంటుందో కూడా చూడలేదు. ఉద్యోగం చేసుకుంటూ వారానికో వీడియో పెట్టే మామూలు అభిమానిని.

అన్నిటికంటే ముందు ఫుటేజీ సంగతి. రేసు క్లిప్పులు వేసి పైన మాట్లాడదాం అనుకుని వచ్చేవాళ్లు ఆ ఆశ ఇక్కడే వదిలేసుకోండి. టీవీలో మనం చూసే ప్రతి దృశ్యం మీదా ఎవరికో హక్కులున్నాయి, యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ అనే వ్యవస్థ 2007 నుంచీ ఉంది, మీరు అప్‌లోడ్ చేసిన ముక్కని తన దగ్గరున్న ఒరిజినల్‌తో పోల్చి పట్టేస్తుంది. కొత్తవాళ్లు క్లెయిమ్‌కీ స్ట్రైక్‌కీ తేడా తెలియక కంగారు పడుతుంటారు. క్లెయిమ్ వస్తే మామూలుగా ఆ వీడియో డబ్బులు హక్కుదారుకి పోతాయి, లేదా వీడియో కనపడకుండా పోతుంది, అంతే. స్ట్రైక్ అలా కాదు, 90 రోజుల్లో మూడు పడితే ఛానెలే పోతుంది. అద్దంలో చూసినట్టు బొమ్మ తిప్పేయడం, చుట్టూ ఫ్రేమ్ పెట్టడం, వేగం కాస్త మార్చడం లాంటి చిట్కాలు చెప్పేవాళ్లు ఉంటారు. వాళ్ల ఛానెళ్లు వచ్చే ఏడాదికి ఉన్నాయో లేదో ఒకసారి చూసి అప్పుడు వినండి.

నా ఏడు సీజన్లలో నన్ను బాగా విసిగించిన క్లెయిమ్ మాత్రం రేసు దృశ్యం మీద వచ్చింది కాదు. "ఉచితం, ఎక్కడైనా వాడుకోండి" అని రాసిపెట్టిన ఓ మ్యూజిక్ లైబ్రరీ నుంచి తీసుకున్న ట్యూన్ మీద వచ్చింది. పేరు చెప్పను. ఆ ట్యూన్ నా పదకొండు వీడియోల్లో మొదటి ఎనిమిది సెకన్లు ఉంది. అభ్యంతరం పెడితే అవతలివాళ్లకి జవాబివ్వడానికి 30 రోజుల గడువుంటుంది, వాళ్లు ఆ గడువు మొత్తం వాడుకున్నారు. అప్పటినుంచీ నా వీడియోలకి ఇంట్రో మ్యూజిక్కే లేదు, నేరుగా మాటతో మొదలవుతాయి. ఎవరూ అడగలేదు కూడా, ఆ ట్యూన్ ఏమైందని.

మరి క్లిప్పు లేకుండా ఏం చూపిస్తాం? నా ఛానెల్ కాస్తో కూస్తో నిలబడిందంటే ఈ ప్రశ్న వల్లే. 2019 హంగేరీ రేసు గుర్తుందా? రెడ్ బుల్ డ్రైవర్ వెర్‌స్టాపెన్‌కి జీవితంలో మొదటి పోల్, అంటే అందరికంటే ముందు నుంచి మొదలుపెట్టే స్థానం, రేసు కూడా చేతిలోనే ఉంది. 48వ ల్యాప్‌లో మెర్సిడెస్ వాళ్లు తమ డ్రైవర్ హామిల్టన్‌ని టైర్లు మార్చడానికి రెండోసారి పిట్‌కి పిలిచారు. బయటికొచ్చేసరికి ముందున్న కారుకీ ఇతనికీ 20 సెకన్ల తేడా, మిగిలినవి 22 ల్యాపులు. చూస్తున్నప్పుడు నాకు అది పిచ్చి పనిలా అనిపించింది. కానీ 67వ ల్యాప్‌లో దాటేశాడు. దాని మీద వీడియో చేయాలి, చూపించడానికి ఒక్క ఫ్రేమ్ లేదు. అప్పట్లో ఎర్గాస్ట్ అని ఒక ఉచిత డేటా సేవ ఉండేది, 1950 నుంచి ఫలితాలు, చాలా సీజన్ల ల్యాప్ టైములు అన్నీ అందులో దొరికేవి. ఇద్దరి ల్యాప్ టైములూ తీసి స్ప్రెడ్‌షీట్‌లో పోశాను. నీలం గీత హామిల్టన్, ఎర్ర గీత వెర్‌స్టాపెన్. 48 దగ్గర రెండిటి మధ్యా పెద్ద ఖాళీ, అక్కడినుంచి 19 ల్యాపుల్లో 20 సెకన్లు, అంటే ల్యాప్‌కి సగటున ఒక సెకను చొప్పున కొరుక్కుంటూ వచ్చేశాడు. మధ్యలో కొన్ని ల్యాపులు దగ్గరవ్వడం లేదేమో అనిపిస్తుంది, తర్వాత పాత హార్డ్ టైర్ల మీదున్న ఎర్ర గీత మెల్లగా పైకి లేవడం, అంటే ఒక్కో ల్యాప్‌కి ఎక్కువ సమయం పట్టడం మొదలవుతుంది. నేను చేసిందల్లా ఆ రెండు గీతల్నీ ఒక్కో ల్యాప్‌గా కదిలిస్తూ మాట్లాడటమే. దానికి ముందు పెట్టిన వీడియోలన్నిటి వ్యూస్ కలిపినా ఈ ఒక్కదాన్ని అందుకోలేదు. టీవీలో ఓవర్‌టేక్ చూసినవాళ్లకి ఆ ఓవర్‌టేక్ 19 ల్యాపుల ముందే మొదలైందని అర్థమైంది, వాళ్లకి కావలసింది అదే.

ఎర్గాస్ట్ 2024 సీజన్ ముగిశాక మూతపడింది. పాపం ఏళ్ల తరబడి నాలాంటి వాళ్లందరికీ ఊరికే అన్నం పెట్టిన సేవ. దాని స్థానంలో అభిమానులే జోల్పికా అని నడుపుతున్నారు, నా పాత స్క్రిప్టులు కొద్ది మార్పులతో దానికి అతుక్కున్నాయి. ఇంకా లోతుకి వెళ్లాలంటే ఫాస్ట్‌ఎఫ్1 అనే పైథాన్ లైబ్రరీ ఉంది. 2018 నుంచి వేగం, గేరు, థ్రాటిల్, బ్రేకు అన్నీ తీసుకోవచ్చు. పైథాన్ రాదని భయపడొద్దు, నాకూ రాదు, ఉదాహరణల్లో డ్రైవర్ పేరూ రేసు పేరూ మార్చుకుంటూ రెండేళ్లు లాక్కొచ్చాను. మలుపుల్లో రేసింగ్ లైన్ చూపించాలంటే అసెట్టో కోర్సా లాంటి సిమ్యులేటర్ గేముల్లో నేనే నడిపి రికార్డు చేస్తాను. గేమ్ కంపెనీ వీడియోలకి ఏ షరతులు పెట్టిందో ముందు చదువుకోండి. బెల్జియంలోని స్పా ట్రాక్‌లో 'ఓ రూజ్', 'రాదిల్యోన్' అనే ఎత్తు మలుపులు ఎక్కడం గురించి నలభై నిమిషాలు మాట్లాడినా అర్థం కానిది, గేమ్‌లో నేను మూడుసార్లు గోడకి కొట్టుకోవడం చూపిస్తే అర్థమైంది అన్నారు. అది పొగడ్తో కాదో మాత్రం తెలీలేదు.

సామాను గురించి ఎక్కువ చెప్పను. డబ్బులుంటే కెమెరాకి కాదు, మైక్‌కి పెట్టండి. ఎడిటింగ్‌కి డావించి రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు. అర్ధరాత్రి ఇంట్లోవాళ్లు పడుకున్నాక రికార్డు చేయకండి, మొదటి రెండు సీజన్లు నేను అలాగే చేశాను, "అన్నా ఎందుకు గుసగుసలాడుతున్నావు, ఎవరైనా వింటారా?" అని కామెంట్లు.

ఇక టైమింగ్. మొదట్లో రేసు అయిన రెండు గంటల్లో వీడియో పడాలని ఒకటే టెన్షన్. ఆదివారం రాత్రంతా ఎడిటింగ్, సోమవారం ఆఫీసులో కళ్లు మూతలు. ఎవరితో పోటీ? రేసు జరిగిన రోజే అధికారిక హైలైట్లు వచ్చేస్తాయి, ప్యాడాక్‌లో మైక్ పట్టుకుని తిరిగేవాళ్ల వీడియోలు అంతకంటే ముందే వస్తాయి. నా వీడియో పడేసరికి అందరూ అన్నీ చూసేసి ఉంటారు. 2024లో 24 రేసులు, ఒక దశలో మూడు వారాలు వరసగా రేసులు, అప్పుడు ఇక నా వల్ల కాక బుధవారానికి మార్చాను. వ్యూస్ పడిపోతాయనుకున్నాను, పడలేదు. బుధవారానికి పెనాల్టీలు తేలిపోయి ఉంటాయి, టీమ్‌లు తమ వివరణలు ఇచ్చేసి ఉంటాయి, నేను ఆదివారం రాత్రి అరిచి చెప్పబోయిన తప్పులు సగం నాకే తెలిసిపోయి ఉంటాయి. ఏడు సీజన్లలో నేను తీసుకున్న తెలివైన నిర్ణయం ఇదొక్కటే, అదీ తెలివితో కాదు, నిద్రలేక.

డబ్బుల విషయం అడుగుతారు కాబట్టి. ప్రకటనల ఆదాయం రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, దానితో పాటు గత 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి, లేదా షార్ట్స్‌కి 90 రోజుల్లో కోటి వ్యూస్. పెద్ద వీడియోల ప్రకటనల్లో 55 శాతం మనకి వస్తుంది. ఆ గీత దాటడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఇప్పుడు వచ్చేదానితో సిమ్యులేటర్ స్టీరింగ్ కొనుక్కున్నాను, ఇంకా దాని అప్పే తీరుతోంది, అర్థం చేసుకోండి. సీజన్ లేని నెలల్లో వ్యూస్ నేలకి దిగుతాయి. ఆ ఖాళీలో నన్ను కాపాడేవి తాజా రేసుల వీడియోలు కావు. అండర్‌కట్ అంటే ఏంటి, వీ10 ఇంజన్లు 2005తో ఎందుకు పోయాయి, టైరు ముక్కలు ట్రాక్ పక్కన పేరుకుంటే కారు ఎందుకు జారుతుంది, ఇలాంటివి. రేసు రివ్యూకి పది రోజుల ఆయుష్షు, టైరు వీడియోని మూడేళ్ల తర్వాత కూడా చూస్తున్నారు.

కామెంట్ల గురించి రెండు మాటలు. హామిల్టన్‌కీ వెర్‌స్టాపెన్‌కీ మధ్య టైటిల్ తేలిన 2021 అబుదాబి రేసు చివరి ల్యాప్ మీద నేను చేసిన వీడియోలో నా అభిప్రాయం ఒక్కటీ లేదు. లతీఫీ కారు 53వ ల్యాప్‌లో గోడకి తగిలింది, అందరినీ నెమ్మదిగా వెనకాల నడిపించే సేఫ్టీ కార్ వచ్చింది, ల్యాప్ వెనకబడ్డ కార్లలో హామిల్టన్‌కీ వెర్‌స్టాపెన్‌కీ మధ్య ఉన్న ఐదింటిని మాత్రమే ముందుకు వదిలారు, అలా వదలడం గురించిన 48.12 నిబంధనలో ఏముందో చదివి వినిపించాను. హామిల్టన్ అభిమానులు నన్ను అవతలివాళ్ల మనిషి అన్నారు, వెర్‌స్టాపెన్ అభిమానులు ఏడుపుగొట్టు అన్నారు. మూడు రోజులు ఫోన్ పక్కన పడేశాను. తర్వాత ఈ రేసుల్ని నియంత్రించే ఎఫ్‌ఐఏ నివేదికే మానవ తప్పిదం అంది, అయినా ఆ వీడియో కింద గొడవ ఇవాళ్టికీ నడుస్తూనే ఉంది, నేను మాత్రం దిగను.

అదే కామెంట్లలో మంచివాళ్లూ దొరుకుతారు. డీఆర్‌ఎస్ (ఓవర్‌టేక్ కోసం కారు వెనక రెక్క తెరిచి వేగం పెంచుకునే ఏర్పాటు) ఎలా పనిచేస్తుందో చెబుతూ మూడు వీడియోల్లో ఒకే యానిమేషన్ వాడాను. వెనక కారు ముందు కారుకి ఒక సెకను లోపు ఉంటే రెక్క తెరుచుకుంటుంది అని, స్ట్రెయిట్ మొదట్లో గీత గీసి అక్కడ ఆ సెకను కొలిచాను. ట్రాక్ మార్షల్‌గా, అంటే రేసులో జెండాలు ఊపుతూ భద్రత చూసే పని చేసే ఓ పెద్దాయన ఒక్క లైన్ రాశారు: "కొలిచేది డిటెక్షన్ గీత దగ్గరండీ, రెక్క తెరిచే చోట కాదు." చూస్తే నిజమే. డిటెక్షన్ గీత చాలా ట్రాకుల్లో మలుపుకి ముందే ఉండేది, అక్కడ సెకను లోపు ఉంటే తర్వాత స్ట్రెయిట్ మీద ఆ తేడా పెరిగినా రెక్క తెరవొచ్చు. డ్రైవర్లు ఆ గీత ముందు కావాలని బ్రేకులేసి ఎదుటివాణ్ణి ముందుకి వెళ్లనిచ్చే ఎత్తులన్నీ అందుకే. మూడు వీడియోల్లో వేల మందికి తప్పు చెప్పాను. ఆయన కామెంట్ పిన్ చేశాను, వీడియోలు తీసేయలేదు.

ఇప్పుడు ఎవరూ ముందే చెప్పని సంగతి. ఛానెల్ పెట్టాక రేసు చూడటం పోతుంది. 2020 నవంబర్ 29న బహ్రెయిన్‌లో మొదటి ల్యాప్‌లోనే గ్రోజాన్ కారు బారియర్‌లోకి దూసుకుపోయి రెండు ముక్కలై మంటలు లేచాయి. అప్పుడు నా చేయి ఏం చేసిందో తెలుసా? కీబోర్డు మీద స్క్రీన్‌షాట్ బటన్ నొక్కింది. మనిషి లోపలున్నాడు, బతికున్నాడో లేదో తెలీదు, నా చేతికి ముందు గుర్తొచ్చింది థంబ్‌నెయిల్. సుమారు అరనిమిషం తర్వాత ఆయన మంటల్లోంచి నడుచుకుంటూ బయటికొచ్చేదాకా నేను కీబోర్డు మీదనుంచి చేయి తియ్యలేదు. ఆ రాత్రి ఆ ఫోటో చెరిపేశాను, వీడియో పెట్టలేదు. ప్రమాదాలూ మంటలూ చూపించే వీడియోలకి ప్రకటనలు సరిగ్గా రావన్నది వేరే సంగతి, దానికోసం ఆగలేదు. రెండు వారాల తర్వాత హేలో (డ్రైవర్ తలని కాపాడే చట్రం) మీద వీడియో చేశాను. టైటానియం, ఏడు కిలోల బరువు, దాదాపు 12 టన్నుల బరువు మోసేలా పరీక్షిస్తారు, 2018లో తప్పనిసరి చేసినప్పుడు చూడ్డానికి చెప్పు పట్టీలా ఉందని నేనూ వెక్కిరించాను. గ్రోజాన్ కూడా మొదట్లో హేలో వద్దన్నవాళ్లలో ఒకడే, ఆసుపత్రి మంచం మీదనుంచి మాట మార్చుకున్నాడు. నేను వీడియోలో మార్చుకున్నాను.

బుధవారానికి మారాక ఆదివారం నోట్‌బుక్ పట్టుకోవడం మానేశాను. మొదటిసారి అభిమానిలా చూస్తాను, సోమవారం రీప్లే పెట్టుకుని ల్యాప్ నంబర్లు రాసుకుంటాను. పని రెట్టింపు. కానీ 2025 చివరి రేసులో నోరిస్ టైటిల్ గెలిచినప్పుడు నేను చప్పట్లు కొట్టాను, కొట్టాక గుర్తొచ్చింది, ఏ బటన్ నొక్కలేదని.

ఎవరికి పనికొస్తుంది అంటే, ఒకే రేసుని రెండోసారి చూడటానికి విసుగు లేనివాళ్లకి. త్వరగా పేరు రావాలనుకునేవాళ్లు వేరే విషయం చూసుకోండి. ఛానెల్ పేరులో ఛాంపియన్‌షిప్ పేరు పెట్టకండి, అది ట్రేడ్‌మార్క్, తర్వాత పేరు మార్చుకోవడం పెద్ద తలనొప్పి. 5కి 3.5 ఇస్తాను. ఆ ఒకటిన్నర తగ్గింది నిద్రకీ, 2021 కామెంట్లకీ.

ప్రస్తుతం నా చేతిలో ఉన్న పని 2026 నిబంధనల సిరీస్. డీఆర్‌ఎస్ పోయింది, నా మూడు తప్పు వీడియోలూ ఇక చరిత్ర. దాని బదులు ఓవర్‌టేక్ మోడ్ వచ్చింది, రెక్క బదులు అదనపు విద్యుత్ శక్తి. కానీ అందులోనూ మళ్లీ డిటెక్షన్ గీత ఉంది, మళ్లీ అదే ఒక సెకను ఉంది. ఈసారి యానిమేషన్ పబ్లిష్ చేయకముందే ఆ మార్షల్ పెద్దాయనకి ప్రైవేట్ లింక్ పంపాను, గీత సరైన చోటే ఉందా అని. ఇంకా జవాబు రాలేదు.