జాస్ప్ రివ్యూ: కై స్క్వేర్ ఫ్రీగా వస్తుంది, బుర్ర మాత్రం మనదే పెట్టాలి

ఎం.ఏ. సైకాలజీ, ఎం.ఎడ్. ప్రాజెక్టులు చేసేవాళ్ళ కోసం రాస్తున్నా. ప్రాజెక్ట్ సెంటర్‌లో డబ్బులు కట్టి టేబుల్స్ చేయించుకుని, వైవాలో ఇదేంటమ్మా అని అడిగితే నీళ్ళు నమిలే కన్నా జాస్ప్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేసుకోండి. ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీ వాళ్ళది, పూర్తిగా ఫ్రీ, క్రాక్ వెర్షన్ల గోల లేదు.

నా టాపిక్ స్కూళ్ళలో బుల్లీయింగ్, అంటే రోజూ ఎవరో ఏడిపిస్తుంటే పడ్డ పిల్లలు తిరిగి ఇంకొకళ్ళని ఏడిపిస్తారా అని. బుల్లీయింగ్ మీద పరిశోధన చేసిన డాన్ ఓల్వేయస్ పద్ధతిలో నెలకి రెండు మూడు సార్లు లేదా అంతకన్నా ఎక్కువ అన్నవాళ్ళకి అవును, మిగతావాళ్ళకి కాదు అని పెట్టి రెండు కాలమ్స్ (ఏడిపింపుకి గురయ్యారా, వేరేవాళ్ళని ఏడిపించారా) చేసుకుంటే చాలు, ఎక్సెల్‌ని సీఎస్‌వీగా సేవ్ చేసి ఓపెన్ చేయడమే. ఫ్రీక్వెన్సీస్‌లో కంటింజెన్సీ టేబుల్స్‌కి వెళ్ళి మొదటిది రోస్‌లో రెండోది కాలమ్స్‌లో పెడితే రిజల్ట్ పక్కనే వచ్చేస్తుంది, టిక్ మారిస్తే అదీ మారుతుంది, ఓకే నొక్కే పని కూడా లేదు. కాలమ్ పేరు పక్కన గుర్తు నామినల్ (అంటే అవును, కాదు లాంటి వర్గాల డేటా) అని ఉందో లేదో మాత్రం చూసుకోండి.

ఇక అసలు సంగతి. ఊరికే ఒక లెక్క అనుకుందాం, 200 మంది పిల్లలు, అందులో ఏడిపింపుకి గురైనవాళ్ళు 40, వాళ్ళలో వేరేవాళ్ళని ఏడిపించేవాళ్ళు 12. మిగతా 160లో 16. కై స్క్వేర్ (రెండు విషయాలకీ సంబంధం ఉందా అని చూసే టెస్ట్) 10.6 వస్తుంది, పీ వాల్యూ (నిజంగా సంబంధం లేకపోయినా ఊరికే ఇంత తేడా లేదా ఇంకా ఎక్కువ కనిపించే అవకాశం) 0.001 దగ్గర, ఇంకేముంది బాధితులే రౌడీలవుతారు అని థీసిస్‌లో రాసేస్తాం! కానీ సెల్స్‌లో రో పర్సెంటేజ్ టిక్ పెట్టి చూడండి, 30 శాతం వర్సెస్ 10 శాతం, అంటే తేడా ఉంది నిజమే, కానీ బాధితుల్లో 70 శాతం మంది ఎవరి జోలికీ పోలేదు కదా. ఫై (సంబంధం ఎంత బలమైనదో చెప్పే అంకె) చూస్తే 0.23, గొప్పదేం కాదు. ఆడ్స్ రేషియో (ఏడిపించేవాళ్ళకీ ఏడిపించనివాళ్ళకీ ఉన్న నిష్పత్తి బాధితుల్లో మిగతావాళ్ళకన్నా ఎన్ని రెట్లో చెప్పేది) 3.9 దగ్గర, అదొక్కటే రాస్తే ఎక్కడలేని భయం పుడుతుంది, అందుకే శాతాలు, ఫై, ఆడ్స్ రేషియో మూడూ కలిపి రాయాలి అని నా అభిప్రాయం.

ముందు దెబ్బ తిన్నాడా ముందు కొట్టాడా అన్నది ఒక్కసారి తీసిన సర్వేలో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు, దానికి అదే పిల్లల్ని మళ్ళీ కొన్ని నెలలకి అడగాల్సిందే. ఎక్స్‌పెక్టెడ్ కౌంట్ (సంబంధమే లేకపోతే టేబుల్ గడిలో ఉండాల్సిన సంఖ్య) 5 కన్నా తగ్గితే కై స్క్వేర్ బదులు ఫిషర్ టెస్ట్ చూడండి.

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తా. ఒకటి ఎందుకు కోశానంటే, ఒకే సెక్షన్ పిల్లలు ఒకళ్ళనొకళ్ళు చూసి నేర్చుకుంటారు కాబట్టి కై స్క్వేర్ అడిగే ఇండిపెండెన్స్ (ఒకళ్ళ జవాబు ఇంకొకళ్ళ మీద ఆధారపడకపోవడం) అక్కడ ఉండదు, దానికి మిక్స్‌డ్ మోడల్స్ (సెక్షన్ ప్రభావాన్ని కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతి) కూడా ఇందులోనే ఉన్నాయి, కానీ అవి నేర్చుకోవాలంటే మీ గైడ్ వెంట పడక తప్పదు.