డీచ్‌వర్క్స్ డీడబ్ల్యు300సీ: డబ్బా మీది 340 లీటర్లు మన కారులో ఎన్ని?

టెక్సస్‌లో మా ఇంటి దగ్గరి గ్యాస్ స్టేషన్‌లో ఇ85, అంటే పెట్రోలులో ఇథనాల్ ఎక్కువ పాళ్లలో కలిపిన ఇంధనం, దొరుకుతుంది. 265 హార్స్‌పవర్‌తో వచ్చిన నా 2012 సుబారు డబ్ల్యుఆర్‌ఎక్స్‌ను ఆ ఇంధనం మీద నడపాలన్న కోరికతో, కంపెనీ అమర్చిన ఫ్యూయల్ పంపును తీసివేసి డీచ్‌వర్క్స్ వారి డీడబ్ల్యు300సీ పంపును బిగించి పదకొండు నెలలయింది.

పెట్రోలుకు గాలి, ఇంధనాల నిష్పత్తి 14.7 కాగా ఇ85కు అది 9.8 దగ్గర ఉంటుంది కనుక, అదే గాలికి బరువు లెక్కన దాదాపు సగం అదనంగా ఇంధనం పోయాలి. అందుకోసం ఇంజనులోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లను నిమిషానికి 1050 సీసీ చిమ్మేవి వేసుకున్నా, వాటి వెనుక ఒత్తిడిని నిలబెట్టే పంపు లేకపోతే ఇంజను లోడు మీద ఉన్నప్పుడే మిశ్రమం పలచబడి, పిస్టన్ల మీదికి వస్తుంది.

ఈ పంపు గంటకు 340 లీటర్లు తోడుతుందన్న మాట నిజమే గాని, అది 40 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి దగ్గర కొలిచిన లెక్క. ఈ కారులో ఇంధన ఒత్తిడిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ మూల ఒత్తిడి 43 పీఎస్‌ఐ చిల్లర. టర్బో ఇంజనులోకి గాలిని 20 పీఎస్‌ఐ అదనపు ఒత్తిడితో నెడితే, అంటే అంత బూస్టు ఇస్తే, రెగ్యులేటర్ దానికి అంతే కలుపుతుంది కాబట్టి, పంపు 63 దాటిన ఒత్తిడికి ఎదురు తోడవలసి వస్తుంది. ఒత్తిడి పెరిగే కొద్దీ ప్రవాహం తగ్గుతుంది. కొనేవారు చూడవలసింది డబ్బా మీది పెద్ద అంకెను కాదు, తమ ఒత్తిడి దగ్గర పంపు ప్రవాహపు గ్రాఫులో గీత ఎక్కడుందన్నది.

బిగించడం కష్టమేమీ కాలేదు. వెనుక సీటు ఎత్తి, రేకు మూత విప్పితే పంపు ఉన్న బుట్ట చేతికి అందుతుంది. పాత సీలు బాగానే ఉందనుకొని దాన్నే తిరిగి వేయడం మాత్రం నా పిసినారితనం. మర్నాడు ఫుల్ ట్యాంకు కొట్టించి మొదటి మలుపు తిరిగేసరికి కారంతా పెట్రోలు వాసన. కొత్త సీలు తెచ్చి మళ్లీ మొదటి నుంచీ విప్పవలసి వచ్చింది.

అసలు చిక్కు వైరింగులో ఎదురయింది. బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు ఉండగా, పూర్తి లోడు మీద పంపు ప్లగ్గు దగ్గర మీటరు 11.8 మాత్రమే చూపింది. పాత పంపు కోసం వేసిన సన్నని తీగలు కొత్త పంపు లాగే కరెంటును మోయలేకపోతున్నాయి. వోల్టేజి పడితే మోటారు వేగం పడుతుంది, దానితో పాటే ప్రవాహమూ. బ్యాటరీ నుంచి లావు తీగ, రిలే వేశాక ఆ లోటు తీరింది. అయితే అవసరాన్ని బట్టి పంపు వేగాన్ని మార్చే సుబారు కంట్రోలర్‌ను ఈ ఏర్పాటు పక్కకు నెట్టేసింది. పంపు ఎల్లవేళలా పూర్తి వేగంతో తిరగసాగింది, ఐడిల్‌లో మిగిలిన ఇంధనాన్నంతా ట్యాంకుకు తిప్పి పంపలేక పాత రెగ్యులేటర్ దగ్గర ఒత్తిడి పేరుకుంది. చివరికి అడ్జస్టబుల్ రెగ్యులేటర్ కూడా కొనక తప్పలేదు. మనవాళ్లు ఇల్లు కట్టి చూడమన్నది ఇందుకే కాబోలు.

ఆ మూడూ కుదిరాక మాత్రం వంక పెట్టడానికి లేదు. 6,500 ఆర్‌పీఎం దాకా లాగినా, ఇంజను డేటా రికార్డులో ఇంధన ఒత్తిడి గీత కదలలేదు. గ్యాస్ స్టేషన్‌లో ఇ85 అని రాసి ఉన్నా అందులో ఇథనాల్ రుతువును బట్టి 51 నుంచి 83 శాతం వరకు మారుతుంది కనుక ఆ శాతాన్ని కొలిచే ఫ్లెక్స్ ఫ్యూయల్ సెన్సరు, దానికి తగ్గ ట్యూనింగూ ఉండాలి. ఆగి ఉన్నప్పుడు వెనుక సీటు కింది నుంచి సన్నని ఝుంకారం వినిపిస్తుంది; పాటలు పెట్టుకుంటే తెలియదు, పక్కన కూర్చునేవారు మాత్రం అడుగుతారు.

రెండు గదులుగా ఉన్న ఈ కారు ట్యాంకులో ఇంధనం పావు వంతుకు దిగాక పొడవాటి మలుపుల్లో అది పక్కకు ఒరిగి, పంపు నోటికి అందకపోయే బెడద మాత్రం అలాగే ఉంది. దాన్ని ఏ పంపూ తీర్చలేదు. ట్రాక్ మీదికి వెళ్లే రోజున నేను సగం ట్యాంకుకు తక్కువగా ఉంచను.