ఇంటి కంప్యూటర్లో రెండో ఓఎస్: ఏ పద్ధతి మేలు?

మా ఇంట్లో ఉన్నది ఒక్కటే డెస్క్‌టాప్. ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. నాన్న దాని మీద పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో పెళ్లి పత్రికలు, గుడి కరపత్రాలు కంపోజ్ చేస్తారు. మా అమ్మాయి ఇంజనీరింగ్ మొదటి ఏడాది. వాళ్ల ల్యాబ్‌లో సి ప్రోగ్రాములన్నీ లినక్స్ మీదే. విండోస్ లాంటిదే అది కూడా ఒక ఆపరేటింగ్ సిస్టం (ఓఎస్). బ్యాంకు పనులు, బిల్లులు నావి.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటారు. మా మెషీన్‌కి ఆ దారి లేదు. లినక్స్ పెడదామన్నాను. "నా పేజ్‌మేకర్ జోలికి మాత్రం రావద్దురా" అన్నారు నాన్న. ఆయన మాటలో న్యాయం ఉంది. అనూ ఫాంట్లలో కొట్టిన పాత మేటర్ యూనికోడ్ కాదు, ఆ ఫాంట్ లేనిచోట తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలే కనిపిస్తాయి. ఇరవై ఏళ్ల ఫైళ్లు అలా ఉన్నాయి. అంటే విండోస్ ఉండాలి, పక్కనే లినక్స్ కూడా ఉండాలి.

దీనికి ముఖ్యంగా మూడు దారులు: విండోస్ లోపలే వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచేది), ఉన్న డిస్కులోనే కొంత చోటు కోసి డ్యూయల్ బూట్ (ఆన్ చేసినప్పుడు ఏ ఓఎస్ కావాలో ఎంచుకోవడం), లినక్స్‌కి వేరే డిస్కు.

వర్చువల్ మెషీన్ అన్నిటికన్నా తేలిక. దానికి వాడే వర్చువల్‌బాక్స్ ఉచితం. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరవగలిగే మూల సెట్టింగులు) వర్చువలైజేషన్ ఆన్ చేసి, 25 జీబీ చోటు కేటాయించి, లినక్స్ ఇన్‌స్టాల్ చేసే ఐఎస్ఓ ఫైలు చూపిస్తే అరగంటలో ఒక కిటికీలో లినక్స్ నడుస్తుంది. నచ్చకపోతే ఆ వర్చువల్ మెషీన్‌ని తీసేస్తే చాలు, విండోస్‌కి ఏమీ కాదు. ప్రయోగం చేసే ముందు స్నాప్‌షాట్ (అప్పుడున్న స్థితికి కాపీ) తీసుకుంటే, చెడగొట్టుకున్నా వెనక్కి రావచ్చు. నేర్చుకునే పిల్లలకి ఇంత ధైర్యం ఇచ్చే పద్ధతి ఇంకోటి లేదు. కేవలం కమాండ్లు, కంపైలర్ చాలనుకుంటే డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లో లినక్స్ కమాండ్లు నడిపే సదుపాయం) ఇంకా తేలిక, విండోస్‌లోనే వస్తుంది.

మరి మేం దాన్నెందుకు వద్దనుకున్నాం? మొదటిది ర్యామ్. ఉన్న 8లో 4 జీబీ లోపలి ఓఎస్‌కి ఇస్తే మిగతా సగంతో విండోస్ ఈడ్చుకుంటూ నడుస్తుంది. పాత తిరిగే హార్డ్‌డిస్క్ మీదయితే రెండూ ఒకేసారి చదవబోయి రెండూ ఆగిపోతాయి. రెండోది ఇంకా ముఖ్యం. వర్చువల్ మెషీన్ ఎంత కొత్తదైనా, అది నిలబడింది అప్‌డేట్లు ఆగిపోయిన విండోస్ మీదే. కింద ఉన్న విండోస్‌లోకి, మనం కొట్టే అక్షరాలన్నీ దొంగచాటుగా పట్టేసే కీలాగర్ ఒకటి దూరితే, పైన లినక్స్ కిటికీలో కొట్టిన బ్యాంకు పాస్‌వర్డు కూడా దాని చేతికి పోవచ్చు. నేర్చుకోవడానికి రెండో ఓఎస్ కావాలంటే వర్చువల్ మెషీన్ చాలు. పాత విండోస్‌తో నెట్‌లోకి వెళ్లడం భయమై కావాలంటే అది మందు కాదు.

డ్యూయల్ బూట్‌లో ఆ రెండు ఇబ్బందులూ ఉండవు. ఒకసారికి ఒక ఓఎస్సే నడుస్తుంది కాబట్టి ర్యామ్ మొత్తం దానిదే. లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్‌కి 4 జీబీ ర్యామ్ ఉంటే సౌకర్యం, డిస్కులో 100 జీబీ ఇస్తే మళ్లీ చూసుకోనక్కర్లేదు. పైసా ఖర్చు లేదు. కానీ ఇక్కడ చేయి తొందరపడితే ఇంటిల్లిపాది ఫైళ్లూ ఒకే దెబ్బకి పోతాయి. ముందు బ్యాకప్, అదీ వేరే డిస్కులోకి. బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేయాలి. లేకపోతే విండోస్ పూర్తిగా మూసుకోదు, దాని డ్రైవులోకి లినక్స్ నుంచి ఏమీ రాయలేం. చోటు తగ్గించడం విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చేయడం క్షేమం.

పెట్టడం కన్నా తీసేయడంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. మా కింది వాటా అబ్బాయి లినక్స్ వద్దనుకుని విండోస్‌లోంచి లినక్స్ ఉన్న డిస్కు భాగాన్ని (పార్టిషన్) డిలీట్ చేశాడు. ఓఎస్‌ని లేపే చిన్న ప్రోగ్రాం, అంటే లినక్స్ బూట్‌లోడర్ గ్రబ్ మాత్రం అలాగే ఉండిపోయింది. మర్నాడు నల్లటి తెర, గ్రబ్ అనే అక్షరాలు. టెన్షన్ పడి షాపుకి తీసుకెళ్తే, అక్కడ మొత్తం ఫార్మాట్ చేసి ఇచ్చారు. వాళ్ల నాయనమ్మ చివరి ఫోటోలు అందులోనే ఉన్నాయి. ఆన్ చేయగానే బూట్ మెనూ (దేని నుంచి లేవాలో ఎంచుకునే జాబితా) తెరిచి విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకుని ఉంటే ఏ ఫైలూ పోయేది కాదు. ఆ రోజు నాకు తెలిసి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ బాధ.

మన తప్పు లేకుండా కూడా జరగొచ్చు. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత, సెక్యూర్ బూట్ (నమ్మదగిన బూట్‌లోడర్లనే లేవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉన్న చాలా డ్యూయల్ బూట్ కంప్యూటర్లలో లినక్స్ లేవడం మానేసింది.

అందుకే మేం వేరే డిస్కు వైపు మొగ్గాం. 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్కు) ఒకటి కొన్నాం. క్యాబినెట్ తెరిచి పాత హార్డ్‌డిస్క్ కేబుల్ పీకేసి, కొత్తది ఒక్కటే తగిలించి మింట్ ఇన్‌స్టాల్ చేశాం. ఆ కేబుల్ పీకడమే అసలు కిటుకు. రెండూ తగిలించి ఉంటే లినక్స్ బూట్‌లోడర్ పోయి విండోస్ డిస్కులో కూర్చోవచ్చు. పీకేస్తే దేని బూట్‌లోడర్ దాని దగ్గరే ఉంటుంది. ఒక డిస్కు పాడైనా, తీసేసినా రెండోది లేస్తుంది. తర్వాత పాత కేబుల్ మళ్లీ పెట్టి, బయాస్‌లో ఎస్ఎస్‌డీని మొదట ఉంచాం. నాన్నకి విండోస్ కావాలంటే ఆన్ చేయగానే బూట్ మెనూ కీ నొక్కుతారు. మా దాంట్లో ఎఫ్12, కంపెనీని బట్టి మారుతుంది. రెండు రోజుల్లో అలవాటైపోయింది.

ల్యాప్‌టాప్‌లో రెండో డిస్కుకి చోటు లేకపోతే యూఎస్‌బీ 3.0 ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీలో పెట్టుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌ని రోజూ వాడే ఓఎస్‌గా మాత్రం నేను చెప్పను. నిదానం, తొందరగా అరిగిపోతుంది. ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్‌గా బూట్ చేసి వైఫై, సౌండు, ప్రింటరు పనిచేస్తున్నాయా అని ముందుగా చూసుకోవడానికి అది మేలు.

వేరే డిస్కు అయినా, డ్యూయల్ బూట్ అయినా ఒక చిక్కు తప్పదు. లినక్స్ నుంచి విండోస్‌కి రాగానే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోతుంది. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం రాస్తే, విండోస్ దాన్ని మన సమయమే అనుకుంటుంది. మన తేడా ఐదున్నర గంటలు కాబట్టి సరిగ్గా అంతే తప్పుతుంది. బ్యాటరీ పోయిందేమో అని మార్చేస్తారు చాలామంది, అవసరం లేదు. మదర్‌బోర్డు గడియారాన్ని స్థానిక సమయంగా వాడమని లినక్స్‌లో ఒక్క సెట్టింగ్ మారిస్తే సరిపోతుంది.

ఇప్పుడు బ్యాంకు, మెయిల్, అమ్మాయి ప్రోగ్రాములు అన్నీ మింట్‌లోనే. తెలుగు టైపింగ్‌కి లినక్స్‌లోని ఐబస్ అనే టైపింగ్ సాధనంలో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ కీబోర్డు పద్ధతులు రెండూ ఉన్నాయి. విండోస్‌కి నెట్ పూర్తిగా తీసేశాం. నాన్న కంపోజ్ చేసిన పీడీఎఫ్ ఆ డ్రైవులోనే ఉంటుంది. మింట్‌లోకి వచ్చి అక్కడి నుంచే ప్రెస్‌కి మెయిల్ చేస్తారు.