ఆర్డోర్ వాడకం: చెక్కలు ఆపినా చిటుక్కుమంటుంటే

కర్నూలు బి.క్యాంపులో మాది పదడుగుల గది. లైనక్స్ వేసిన పాత నాలుగు కోర్ల లాప్‌టాప్, రెండు మైకులు. పల్లెల నుంచి వచ్చే చెక్కభజన బృందాలకు పాటలు రికార్డు చేసిస్తుంటాను. అందుకు వాడేది ఆర్డోర్ అనే రికార్డింగ్, మిక్సింగ్ సాఫ్ట్‌వేర్. దాని కోడ్ అందరికీ ఉచితమే, వాళ్ల సైటులో తయారుగా ఉన్న ప్యాకేజీ కావాలంటే మాత్రం డబ్బు కట్టాలి. నేను కట్టాను. అందులో ఒక్క కిటికీకే ఆ డబ్బు చెల్లిపోయింది.

మొన్న ఎండాకాలం ఒక బృందానికి మిక్స్ వినిపిస్తున్నా. పాట మధ్యలో చెక్కలు, వంతపాట ఆగిపోతాయి. వెనక హార్మోనియం శ్రుతి పలుకుతుంటే గురువుగారు వచనం అందుకుంటాడు. సరిగ్గా అక్కడే చిటుక్, చిటుక్. ఆయన హెడ్‌ఫోన్ తీసి, "చెక్కలు ఆపినాం కదా సామీ, మళ్లీ ఎవరు కొడతాండారు?" అన్నాడు. బృందం మొత్తం నవ్వింది. నాకు మాత్రం టెన్షన్.

సిస్టమ్ మానిటర్ చూస్తే ప్రాసెసర్ 30 శాతం కూడా లేదు. అక్కడే మోసపోయాను. నాలుగు కోర్లలో ఒకటి పూర్తిగా నిండినా మొత్తం లెక్కలో అది 25 శాతమే. చెక్కలనీ వంతపాటనీ ఒకే బస్సులోకి (ట్రాకులు కలిసే ఉమ్మడి దారి) పంపి, దాని మీద ఈక్యూ, కంప్రెసర్, రివర్బ్ (ప్రతిధ్వని ఇచ్చేది) ప్లగిన్లు, అంటే శబ్దాన్ని మార్చే చిన్న ప్రోగ్రాములు, వరుసగా పెట్టాను. ఆ వరుస ఒకదాని వెనక ఒకటి నడవాల్సిందే, నాలుగు కోర్లు పంచుకోలేవు. బఫర్‌ని, అంటే ఒక్కో విడతలో లెక్కించే శబ్దపు ముక్కని, 128 శాంపిళ్ల నుంచి 1024కి పెంచాను. సెకనుకు 48000 శాంపిళ్ల రేటులో అది 21 మిల్లీసెకన్ల గడువు, ఆలోగా లెక్క తేలకపోతే చిటుక్కుమంటుంది. మిక్సింగ్‌కి ఆ ఆలస్యం లెక్కలోకి రాదు. చిటుకులు తగ్గాయి కానీ పోలేదు.

అప్పుడు విండో మెనూలో ప్లగిన్ల డీఎస్పీ లోడు (శబ్దం లెక్కల భారం) చూపించే కిటికీ తెరిచాను. ఏ ప్లగిన్ ఎంత సమయం తింటోందో విడివిడిగా కనిపిస్తుంది. పాట హోరెత్తుతున్నప్పుడు రివర్బ్ బార్ అడుగునే ఉంది. చెక్కలు ఆగి పావు నిమిషం గడిచాక మెల్లగా లేచి ఎర్రబడింది. పనున్నప్పుడు లేని ఆయాసం, పని లేనప్పుడు!

సంగతేమిటంటే, రివర్బ్ తన శబ్దాన్ని కొంచెం కొంచెం తగ్గిస్తూ మళ్లీ మళ్లీ తిప్పుతుంది. ఖాళీ చోట్ల ట్రాకు కత్తిరించి ఉంచాను కాబట్టి కొత్త శబ్దం రాదు, పాతది చిక్కిపోతూనే ఉంటుంది. దశాంశ బిందువు తర్వాత 37 సున్నాలు దాటేంత చిన్నదయ్యాక, దాన్ని 'డీనార్మల్' అంటారు. చాలా ప్రాసెసర్లు వాటిని మామూలు దారిలో లెక్కించలేక నిదానపు దారి పడతాయి. వినిపించని శబ్దానికి ఇంత చాకిరీ. అనుమానం తీర్చుకోవడానికి ఆ బస్సులోకి చెవికందని సన్నటి నాయిస్ కలిపి చూశాను. బార్ దబ్బున పడిపోయింది.

తప్పు సగం నాదే. ప్రిఫరెన్సెస్‌లో డీనార్మల్స్‌ని సున్నా చేసే సెట్టింగును ఎప్పుడో ఒక వీడియో చూసి ఆపేశాను. అందులోని ఫ్లష్ టు జీరో, డీనార్మల్స్ ఆర్ జీరో, రెండూ మళ్లీ ఆన్ చేశాను. మిగతా సగం ఆ రివర్బ్ రాసినవాళ్లది. ఇలాంటి జాగ్రత్త ప్లగిన్‌లోనే ఉండాలి, హోస్ట్ (ఇక్కడ ఆర్డోర్) మీద వదిలెయ్యకూడదు. ఉచితమని పేరు చెప్పి తిట్టబుద్ధి కాలేదు. దాని బదులు డ్రాగన్‌ఫ్లై రివర్బ్ పెట్టుకున్నాను, అదీ ఉచితమే. గుడి మండపంలో పాడినట్టుండే గుంయి మన భజనలకు బాగా కుదిరింది. ఇంకోటి, స్పెక్ట్రమ్ గీతలు ఆడించే ప్లగిన్ కిటికీలు పని అయ్యాక మూసెయ్యండి. ఆ బొమ్మ గీయడానికీ ప్రాసెసరే కావాలి.

ఇప్పుడు వచనం దగ్గర బార్ కదలదు. ఒక్క ఎండకు మాత్రం మందు దొరకలేదు. మైకు కోసం ఫ్యాన్ ఆపితే మే నెల మధ్యాహ్నం ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, చిటుకులు మళ్లీ మొదలు. అందుకే ఆ నెలలో ఏ బృందాన్నయినా పొద్దు గుంకాక రమ్మంటున్నాను.