ఎర్ర రబ్బరు స్టాంపులని చెప్పి జిగురు ముక్కలు అంటగట్టారు, ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి

ఇంకా కోపం తగ్గలేదు, తగ్గాక రాస్తే మర్యాదగా రాస్తానేమో అని ఇప్పుడే రాసేస్తున్నా, అచ్చు తప్పులుంటే సర్దుకుని చదవండి. చేత్తో గ్రీటింగ్ కార్డులు చేసేవాళ్ళకి స్టాంపుల అక్క అంటే ఎవరో వేరే చెప్పక్కర్లేదు, రాత్రిళ్ళు లైవ్ పెట్టి సెట్లు చూపించి అమ్ముతుంది కదా, ఆవిడే. అసలు పేరు రాయను, రాస్తే మళ్ళీ పరువు పోయిందని ఏడుస్తుంది, నా పరువు తీసినప్పుడు మాత్రం ఆవిడకి అదేం గుర్తు రాలేదు. ఆ సంగతి కిందకి వస్తుంది.

కొన్నది ఇదీ: పూల స్టాంపుల సెట్టు, దానికి మ్యాచింగ్ డైలు (ముద్ర వేసిన బొమ్మ చుట్టూ కాగితం కత్తిరించే లోహపు అచ్చులు), 300 జీఎస్ఎం తెల్ల కార్డ్‌స్టాక్ (కార్డులకి వాడే మందపాటి కాగితం) ప్యాక్ ఒకటి. సెట్టులో "శుభాకాంక్షలు", "ధన్యవాదాలు" అని తెలుగులో ఉన్నాయి, మనకి ఇంగ్లీషు సెంటిమెంట్లే (కార్డు మీద వేసే శుభాకాంక్షల మాటలు) తప్ప తెలుగు అక్షరాల స్టాంపులు ఎక్కడ దొరుకుతాయి చెప్పండి, అదే చూసి పడిపోయా. డబ్బులు పంపేముందు అడిగా కూడా, "అక్కా ఇది రబ్బరేనా, క్లియర్ స్టాంపా" అని. "పక్కా రెడ్ రబ్బర్ రా, డీప్ ఎచ్చింగ్, నీ మనవలు కూడా వాడుకోవచ్చు" అంది. మనవల దాకా ఎందుకు, నా చేతిలో ఒక్క కార్డు కూడా పూర్తవలేదు.

ప్యాకెట్ తెరిస్తే అందులో ఎర్రదనం లేదు, రబ్బరూ లేదు. పారదర్శకంగా, అప్పుడే కొంచెం పసుపు తిరిగిన మెత్తటి ముక్కలు, ముట్టుకుంటే వేలికి జిడ్డుగా అంటుకుంటున్నాయి, ఒకటే వాసన. క్లియర్ స్టాంపులంటే, అదే పారదర్శకంగా ఉండే స్టాంపులంటే, నాకేం చిన్నచూపు లేదు, మంచి ఫోటోపాలిమర్ (వెలుగుతో గట్టిపరిచే ఒక రకం ప్లాస్టిక్) అయితే రబ్బరంత శుభ్రంగా పడుతుంది, పైగా అక్రిలిక్ బ్లాకుకి, అంటే పారదర్శకమైన ప్లాస్టిక్ దిమ్మకి, అంటించి కింద కాగితం చూసుకుంటూ కావలసిన చోట వేసుకోవచ్చు. ఇవి అదీ కాదు. వెలుగుకి పెట్టి చూస్తే లోపల సన్నసన్నటి గాలి బుడగలు, ఆకుల గీతలు ఉండాల్సిన దానికన్నా మొద్దుగా, అంచులు గుండ్రంగా. ఎవరో డిజైన్ చేసిన అసలు స్టాంపు కొని, దాని మీద అచ్చు తీసి, సిలికాన్ లాంటిదేదో పోసినట్టున్నారు. అంటే మనల్నే కాదు, ఆ బొమ్మ గీసిన మనిషిని కూడా ముంచినట్టు.

అయినా సరే, కొత్త స్టాంపు కదా, తయారీలో మిగిలిన సన్న పొర ఉంటే మొదట్లో ఇంకు పట్టదు కదా అని తెల్ల ఎరేజర్‌తో మెల్లగా రుద్దా, సబ్బు నీళ్ళతో కడిగా, ఆరబెట్టా, అప్పుడు డై ఇంకు (పలచటి రంగు ఇంకు, కత్తిరించే డై కాదు) వేశా. తామరాకు మీద నీటి బొట్టే, ఇంకంతా చుక్కలు చుక్కలుగా విడిపోయి కూర్చుంది. కాగితం మీద వేస్తే పువ్వు కాదు, మచ్చలు. సరే, పిగ్మెంట్ ఇంకు చిక్కగా ఉంటుంది, అదైనా నిలుస్తుందేమో అని అది వేశా, కొంచెం మేలు, కానీ "శుభాకాంక్షలు"లో క్ష కింద ఖాళీ అంతా ఇంకుతో పూడుకుపోయింది, భ పొట్ట మూసుకుపోయింది, చదివితే ఏ భాషో కూడా తెలీదు. తెలుగు అక్షరాలకి ఉన్నదే చిన్న చిన్న సున్నాలూ సందులూ, అక్కడ స్టాంపు లోతుగా లేకపోతే ఇంక ఏముంటుంది. ఎంబాసింగ్ పౌడర్ (వేడికి కరిగి ఉబ్బెత్తుగా మెరిసే పొడి) చల్లి హీట్ గన్ పెడితే ఇంకు ఉన్నచోట పౌడర్ పట్టింది, లేనిచోట పట్టలేదు, గజ్జి పట్టిన పువ్వు ఒకటి మెరుస్తూ వచ్చింది, అంతే.

డైల సంగతి ఒక్క మాటలో చెప్తా. స్టాంపు వేసిన పువ్వు చుట్టూ డై పెడితే ఒకవైపు తెల్ల అంచు ఎక్కువ మిగులుతోంది, అది సర్దితే రెండోవైపు రేకు తెగుతోంది. డై అసలు సెట్టు కొలతకి చేసింది, అచ్చు పోసిన ముక్కేమో గట్టిపడేటప్పుడు కాస్త కుంచించుకుపోయి ఉంటుంది, నా లెక్క ప్రకారం అదీ కారణం. దొంగ సరుకు అనడానికి నాకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కార్డ్‌స్టాక్ చేత్తో పట్టుకోగానే అనుమానం వచ్చింది. ఇది మీరూ ఇంట్లో చూసుకోవచ్చు: జీఎస్ఎం అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములు అని, ఏ0 సైజు ఒక చదరపు మీటరు, అందులో పదహారో వంతు ఏ4, కాబట్టి 16 ఏ4 షీట్లు కలిపి తూకం వేస్తే ఎన్ని గ్రాములొస్తే అదే దాని జీఎస్ఎం. వంటింట్లో ఉన్న డిజిటల్ తూకం చాలు. నాది 300 రావాలి, 200 దాటి కొంచెం ఊగి ఆగిపోయింది. కార్డు బేస్‌గా మడిచి నిలబెడితే, మీద రెండు లేయర్లూ ఫోమ్ టేపూ పడగానే ముందుకి వంగి సాష్టాంగ నమస్కారం పెడుతోంది.

ఇక్కడిదాకా అయితే డబ్బులు పోయాయి, పీడా పోయింది అని ఊరుకునేదాన్నే. ఆవిడకి మర్యాదగానే మెసేజ్ పెట్టా, ఫోటోలు తీసి పంపా, ఒక తెల్ల కాగితం మీద వరుసగా ముద్రలు వేసి పక్కన నా చేత్తో "డై ఇంకు", "పిగ్మెంట్ ఇంకు", "ఎరేజర్‌తో రుద్దాక" అని రాసి మరీ పంపా, ఆవిడకి అర్థమవడానికి తేలికగా ఉంటుందని. పంపింది ఆవిడ ఒక్కదానికే. చూసినట్టు గుర్తు పడింది, జవాబు లేదు.

ఆ రాత్రి లైవ్ మామూలుగా పెట్టింది. నేనూ చూస్తున్నా, జవాబు ఏమైనా చెప్తుందేమోనని. కాసేపు రిబ్బన్లూ వాషీ టేపులూ (బొమ్మలున్న అలంకరణ కాగితపు టేపులు) చూపించింది, తర్వాత "ఇవాళ మీకో సరదా విషయం చూపిస్తా" అని ఫోను కెమెరా ముందు పెట్టింది. అందులో నా కాగితం. నా చేతిరాత. నా ముద్రలు. "చూడండి, కొంతమంది స్టాంపింగ్ ఎలా చేస్తారో, ఇంకు ప్యాడ్ మీద గుద్ది గుద్ది, కాగితం మీద ఎక్కి నిలబడి నొక్కినట్టున్నారు, మళ్ళీ స్టాంపు బాలేదంటారు, ఎంత మంచి సరుకిచ్చినా చెయ్యి మంచిది కాకపోతే నేనేం చేస్తాను చెప్పండి" అని ఒకటే నవ్వు. కింద కామెంట్లలో నవ్వు బొమ్మలు వరదలా. "ఎవరక్కా అది" అని ఎవరో అడిగితే "పేరు చెప్పను లెండి, పాపం" అంది. పాపం అంట! ఆ పాపం అన్న మాటకి నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి, నిజం చెప్తున్నా. పదేళ్ళ పిల్లకి క్లాసులో టీచర్ నోటుబుక్కు ఎత్తి చూపించినట్టు కాదు ఇది, నేను డబ్బులిచ్చి కొనుక్కున్న వస్తువు పని చేయట్లేదని నమ్మి చెప్పుకున్న మాట అది.

అక్కడితో ఆగిందా, ఆగలేదు. "సరిగ్గా ఎలా వేయాలో చూపిస్తా" అని అదే పువ్వు వేసి చూపించింది, గీత గీత పడింది, ఎంత బాగా వచ్చిందో. ఎందుకు రాదు, ఆవిడ చేతిలో ఉన్నది చెక్క దిమ్మ! దిమ్మ తిప్పినప్పుడు ఒక్క క్షణం అడుగు కనబడింది, ఫోమ్ మీద అంటించిన ఎర్ర రబ్బరు, లోతుగా చెక్కింది. అంటే అసలు స్టాంపు ఆవిడ దగ్గరే ఉంది. లైవ్‌లో వేసి చూపించడానికి అది, ప్యాక్ చేసి మనకి పంపడానికి ఇది. నేను వెంటనే కామెంట్ పెట్టా, "అక్కా నాకు వచ్చింది ఇది కాదు, చెక్క దిమ్మే లేదు, క్లియర్ ముక్కలొచ్చాయి" అని. ఆవిడ కళ్ళు కిందకి వెళ్ళాయి, చదివింది, నేను చూశా చదవడం. ఒక్క క్షణం ఆగి "సరే ఫ్రెండ్స్, ఈ సెట్టు కొన్ని పీసులే ఉన్నాయి, కావలసినవాళ్ళు త్వరగా మెసేజ్ పెట్టండి" అంది. ఆ తర్వాత నాకు లైవ్ కనబడలేదు. బ్లాక్.

ఇంకో అకౌంట్ నుంచి అడిగితే వచ్చిన జవాబు: "వాడిన స్టాంపులు రిటర్న్ తీసుకోం మేడమ్." నిన్నటిదాకా రా అన్న మనిషికి ఇవాళ నేను మేడమ్ అయ్యా. వాడకుండా స్టాంపు బాగుందో లేదో ఎలా తెలుస్తుందండీ, కళ్ళకద్దుకుని చూడాలా? పోనీ కార్డ్‌స్టాక్ అయినా తీసుకోమంటే "ప్యాక్ ఓపెన్ చేశారు" అంది. మూసి ఉన్న ప్యాక్‌ని తూకం వేసి పంపిస్తే "రేపర్ బరువు కలిసింది" అనేదేమో. థాంక్యూ కార్డులు చేసిస్తానని ఒకళ్ళకి మాటిచ్చి ఉన్నా, వాటికి ఇప్పుడు పాత స్టాంపులతోనే ఏదో ఒకటి చేస్తున్నా, వాళ్ళు అడిగిన పువ్వు మాత్రం లేదు.

తర్వాత కూర్చుని ఆవిడ పెట్టిన అమ్మకం ఫోటోలు మళ్ళీ చూశా, అప్పుడు కనబడింది. ఒకే కార్డు మీద మూడు పువ్వులు, మూడింట్లోనూ ఎడమ రేకు మీద ఇంకు పలచబడిన మచ్చ అదే చోట, అదే ఆకారంలో. చేత్తో వేసిన ముద్రలు రెండు కూడా అంత అచ్చంగా ఒక్కలా రావు, ఎక్కడో ఒకచోట ఒత్తిడి మారుతుంది, ఇంకు మారుతుంది. ఇంకో ఫోటోలో చుక్కల ఎంబాసింగ్ ఫోల్డర్‌తో ఉబ్బెత్తు చేసిన కాగితం మీద "ధన్యవాదాలు" అని ఉంది, ఉబ్బు మీదా గుంటలోనూ గీత ఎక్కడా తెగకుండా నున్నగా పోయింది, అలాంటి కాగితం మీద స్టాంపు వేస్తే ఉబ్బు మీదే ఇంకు అంటుతుంది కదా! కంప్యూటర్లో అతికించిన బొమ్మలు అవి. ఇన్నేళ్ళుగా కార్డులు చేస్తున్న దాన్ని, ఇది ముందే పట్టుకోనందుకు నా కళ్ళకి సన్మానం చేయాలి. తెలుగు అక్షరాలు కనబడేసరికి మిగతాదేదీ కనబడలేదు.

ఇది చదివి "తక్కువ రేటుకి కొంటే అంతే మరి" అని ఎవరూ రాయకండి, తక్కువ రేటేం కాదు, అసలు రబ్బరు సెట్టు రేటే తీసుకుంది.

కొనేవాళ్ళు ఏం చేయాలంటే, స్టాంపు అడుగు భాగం ఫోటో, ఇంకు లేకుండా, దగ్గరగా తీసింది అడగండి, ఇవ్వకపోతే వదిలేయండి. ప్యాకెట్ తెరిచేటప్పుడు మొదటినుంచీ వీడియో తీయండి. "రెడ్ రబ్బర్" అని రాతపూర్వకంగా చెప్పించుకుని ఆ చాట్ దాచుకోండి, నేను దాచుకున్నా కాబట్టే పేమెంట్ యాప్‌లో కంప్లైంట్ పెట్టగలిగా, అదేం అవుతుందో చూడాలి. అసలు ఆ క్లియర్ ముక్కలు ఎవరి డిజైన్‌కి కాపీనో గుర్తుపట్టగలిగినవాళ్ళు ఉంటే చెప్పండి, ఐదు రేకుల పువ్వు, మధ్యలో చుక్కలకి బదులు చిన్న సుడి, కింద రెండు ఆకులు ఒకటి మడతపడి ఉంటుంది, ఆ డిజైనర్‌కి నేనే స్వయంగా ఫోటోలు పంపిస్తా. అక్క ఈ పోస్టు చూసి మళ్ళీ లైవ్‌లో చదివి నవ్వినా పర్లేదు, ఈసారి నేనూ రికార్డు చేస్తున్నా.