ఆబిడ్స్ ఫుట్‌పాత్‌పై 120 రూపాయల పుస్తకం, పోయిన నా మార్కులు

గ్రూప్-1కి చదివేవాళ్ళు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు కొంటే ముందు ఏ సంవత్సరం అచ్చో చూసుకోండి. నేను చూడలేదు. అమెరికా ప్రభుత్వం మీద లావుపాటి టెక్స్ట్‌బుక్, 200 చెప్పాడు, బేరమాడి 120కి తెచ్చుకున్నా. మొదటి రెండు పేజీలు లేవు, ఏదో కాలేజీ లైబ్రరీ ముద్ర మాత్రం ఉంది.

అధ్యక్షుడు చనిపోతే తర్వాత ఎవరు అన్న చాప్టర్ మాత్రం వదలబుద్ధి కాలేదు. 1841లో హారిసన్ గెలిచి కూర్చున్న నెలకే పోయాడు, ఉపాధ్యక్షుడికి వచ్చేది పదవా, పని మాత్రమేనా అన్నది రాజ్యాంగంలో తేల్చి రాయలేదు, ఉపాధ్యక్షుడు టైలర్ మాత్రం నేనే అధ్యక్షుణ్ణని కూర్చుని, 'తాత్కాలిక' అని రాసి వచ్చిన ఉత్తరాలు విప్పకుండానే తిప్పి పంపేశాడు. మన దగ్గర అలా కుదరదు. 1969లో జాకిర్ హుస్సేన్ పోయినప్పుడు మన వి.వి.గిరి గారు తాత్కాలికమే, పోటీ చేయడానికి ఆయనా రాజీనామా చేస్తే చీఫ్ జస్టిస్ హిదయతుల్లా కూర్చోవాల్సొచ్చింది.

అక్కడ వరుస కూడా మార్చుతూనే ఉన్నారు. 1792లో ఉపాధ్యక్షుడి తర్వాత సెనేట్ (ఎగువ సభ) తాత్కాలిక అధ్యక్షుడు, ఆ తర్వాత దిగువ సభ స్పీకర్. 1881లో అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ పోయిన రోజు ఆ రెండు కుర్చీలూ ఖాళీ, అందుకే 1886లో వాళ్ళని తీసేసి మంత్రుల్ని పెట్టారు. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ పట్టుబట్టి స్పీకర్‌ని, ఆయన వెనక సెనేట్ తాత్కాలిక అధ్యక్షుణ్ణి మళ్ళీ ముందుకి తెచ్చాడు.

ఒక ఫోటో ఉంది: కెనడీ హత్య తర్వాత జాన్సన్ మాట్లాడుతుంటే వెనక కుర్చీల్లో 71 ఏళ్ళ స్పీకర్ మెక్‌కార్మాక్, పక్కన 86 ఏళ్ళ సెనేట్ తాత్కాలిక అధ్యక్షుడు హేడెన్. జాన్సన్‌కి ఏదన్నా అయితే వరుసగా ఈ ఇద్దరు పెద్దమనుషులే. కింద 'ప్రస్తుత అధ్యక్షుడు జాన్సన్' అని ఉంది, అక్కడైనా నాకు డౌట్ రావాలి కదా!

మాక్ టెస్ట్‌లో ఉపాధ్యక్ష పదవి ఖాళీ అయితే ఏం చేస్తారని అడిగారు. తర్వాతి ఎన్నిక దాకా ఖాళీయేనని ధీమాగా రాశా. సున్నా. నా పుస్తకం అచ్చయ్యాక 1967లో అమెరికా రాజ్యాంగానికి 25వ సవరణ వచ్చిందట, అధ్యక్షుడు పేరు చెప్తే రెండు సభలూ ఒప్పుకోవాలి. ఫోర్డ్ 1973లో అలాగే ఉపాధ్యక్షుడై, మరుసటేడు నిక్సన్ దిగిపోతే అధ్యక్షుడయ్యాడు, రెండింటిలో ఏ పదవికీ ఎన్నికవ్వకుండా.

పై ఆదివారం వెళ్ళి "మార్చి ఇవ్వన్నా" అంటే "చదివేశావు కదా తమ్ముడూ, నలభైకి తీసుకుంటా" అన్నాడు. ఇవ్వలేదు, ఆ ఫోటో కోసం ఉంచుకున్నా. ఐదుకి మూడు స్టార్లు. బండి పెట్టుకోవడానికి చోటు దొరకదు, నాంపల్లి మెట్రోలో దిగి నడవండి.